సెడార్ అడిగితే ఏ చెక్క ఇచ్చారు?

తీగ వాద్యాల తయారీ, మరమ్మతుల మీద పాఠకుల ప్రశ్నలు, తిరుపతి నుంచి జవాబులు

ప్రశ్న: మాది చిత్తూరు. మా నాయన తలుపులు, కిటికీలు, పూజా మందిరాలు చేసే మేస్త్రి. నేనూ ఆయన దగ్గరే పని చేస్తున్నాను. మూడేళ్లుగా గిటార్ నేర్చుకుంటున్నా. ఇప్పుడు నా చేత్తో నేనే ఒకటి చేసుకోవాలని పట్టుదల. స్టీలు తీగల గిటార్. పైపలకకు సెడార్ బాగుంటుందని విని, చెన్నైలో ఒక అడితిలో అడిగి రెండు పలకలు తెచ్చాను. ‘సెడారే, అనుమానం లేదు’ అన్నారు. కాస్త ఎర్రగా ఉంది, వాసన కమ్మగా ఉంది. మా నాయన గోటితో నొక్కి చూసి, ‘వీణకు పనస వేస్తారు గానీ ఇంత మెత్తటి చెక్క ఎవుడన్నా వేస్తాడా’ అని నవ్వుతున్నాడు. సెడార్ వేయొచ్చా, గిటార్ పైపలకకు మామూలుగా వాడే స్ప్రూస్ చెక్క దొరికేదాకా ఆగాలా? మందం ఎంత ఉంచాలి?

జవాబు: నాయనా, మందం సంగతి తర్వాత. నువ్వు తెచ్చిన పలకలు ఏ చెట్టువో ముందు తేలాలి. అడితి ఆయన అబద్ధం చెప్పాడని నేననను. ఆయన దృష్టిలో అది సెడారే. చిక్కంతా ఆ పేరులోనే ఉంది.

ఇరవై ఏళ్ల కిందట నేనూ నీలాగే వెళ్లి సెడార్ అడిగి, మోసుకొచ్చి, గోవిందరాజస్వామి గుడి వెనక సందులో ఉన్న మా కొట్లో చిత్రిక పట్టడం మొదలుపెట్టాను. నాలుగు పట్లు పట్టేసరికి ఉలికి జిగురు. కిరసనాయిలు గుడ్డతో తుడవడం, మళ్లీ పట్టడం. వాసన మాత్రం గుడిలో ధూపం వేసినట్టు. ఆ వాసనకు మురిసిపోయి బుద్ధి పని చేయలేదు. రెండు నెలలు కూర్చుని గిటార్ పూర్తి చేశాను. తీగలు బిగించి మీటితే పరుపు మీద చెయ్యి వేసినట్టు ఉంది శబ్దం. అది దేవదారు. హిమాలయాల్లో, హిమాచల్, ఉత్తరాఖండ్ వైపు పెరిగేది. వృక్షశాస్త్రం ప్రకారం అసలైన సెడార్ అదే, అందులో తప్పేమీ లేదు. కానీ గిటార్ల వాళ్లు సెడార్ అన్నప్పుడు వాళ్ల మనసులో ఉండే చెట్టు అది కాదు.

వాళ్ల చెట్టు వెస్టర్న్ రెడ్ సెడార్. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా, అమెరికాలోని వాషింగ్టన్, ఒరెగాన్, ఆ పసిఫిక్ తీరం దానికి పుట్టిల్లు. పేరుకు సెడార్ గానీ నిజానికి సైప్రస్ కుటుంబం. శాస్త్రీయ నామం తూజా ప్లికేటా. నర్సరీల్లో తూజా అని కుండీల్లో పెట్టి అమ్ముతారే, చదునైన ఆకు మొక్క, దానికి ఇది దాయాది అనుకో. దేవదారు పైన్ కుటుంబం. ఈ రెండింటికీ చుట్టరికం లేదు.

ఇక్కడితో అయిపోలేదు. నందివృక్షం అని మరొక చెట్టుంది, ఉత్తరాదిలో తూన్ అంటారు. ఇంగ్లిషువాళ్లు దానికీ ఇండియన్ రెడ్ సెడార్ అని పేరు తగిలించి పోయారు. అది మన వేప కుటుంబం! సితార్ చేసేవాళ్లకు అది ఇష్టమైన చెక్క, కాబట్టి చెడ్డదని అనను. క్లాసికల్ గిటార్ మెడకు వేసే స్పానిష్ సెడార్ కూడా ఆ వేప కుటుంబానిదే. ఇవి చాలవన్నట్టు, మన శేషాచలం, తలకోన అడవుల్లో దేవదారి అని ఒక చిన్న చెట్టుంది. గట్టి చెక్క, వాసన ఉంటుంది. మీ నాయన్ను ‘దేవదారు తెలుసా’ అని అడిగితే ఆయన ఇదే చూపిస్తాడేమో. దానికీ హిమాలయాల దేవదారుకూ పేరు ఒక్కటే కలిసింది.

మరి నీ చేతిలో ఉన్నది ఏది? మూడు పరీక్షలు చెప్తాను, మూడూ మీ కొట్లోనే అయిపోతాయి.

పలక చివర, అంటే రంపం అడ్డంగా కోసిన ముఖాన్ని పదునైన బ్లేడుతో ఒక వేలు వెడల్పు నున్నగా చెక్కు. దాని మీద కొంచెం నీళ్లు తడిపి, వాచీలు బాగు చేసేవాళ్ల భూతద్దంతో చూడు. సూదితో పొడిచినట్టు రంధ్రాలు కనబడితే అది ఆకులు వెడల్పుగా ఉండే చెట్టు, నందివృక్షమో మరొకటో. రంధ్రాలే లేకుండా సన్నటి గీతలు వరసగా ఉంటే అది సూదిమొన ఆకుల జాతి, చదునైన ఆకున్న తూజా కూడా ఈ జాతిదే. తూన్ ఈ మెట్టు దగ్గరే దిగిపోతుంది.

రెండోది తూకం. పది సెంటీమీటర్ల పొడవు, పది వెడల్పు, సరిగ్గా ఒక సెంటీమీటరు మందం ఉన్న ముక్క కోసి తూచు. బాగా ఎండిన వెస్టర్న్ రెడ్ సెడార్ అయితే 35 గ్రాములు, కొంచెం అటూ ఇటూ. స్ప్రూస్ 40 నుంచి 45 మధ్య. దేవదారు 50 దాటుతుంది. నేను మొదటిసారి ముక్క పట్టుకుని గాంధీ రోడ్డులో తెలిసిన బంగారు కొట్టుకు వెళితే, ‘ఏం సామీ, చెక్కకు కూడా హాల్‌మార్క్ కావాలా’ అన్నాడు. ఇప్పుడు వంటింటి డిజిటల్ తూనిక చాలు.

మూడోది చెవి. పలకను పైచివర నుంచి నాలుగో వంతు దగ్గర రెండు వేళ్లతో వదులుగా పట్టుకుని, నడుమ కణుపుతో కొట్టు. సంతలో కుండ కొనేటప్పుడు అమ్మ ఎలా కొట్టి చూస్తుందో అలా. ఖంగుమని మోగి, మోత కాసేపు నిలవాలి. ‘టక్’ మని అక్కడే ఆగిపోతే అది వెస్టర్న్ రెడ్ సెడార్ అయినా సరే నాకొద్దు. చెట్టు పేరు మంచిదే కావచ్చు, ఆ పలక మాత్రం పనికిరాదు.

ఇక మీ నాయన నవ్వు. ఆయన నవ్వులో న్యాయం ఉంది, ఎందుకో చెప్తాను. నేను ఈ పని నేర్చుకుంది మా మేనమామ దగ్గర, వీణల మీద. వీణలో తీగలు గుర్రం అనే చిన్న వంతెన మీదుగా పోయి, వెనక చివర లంగర్లకు కట్టుకుంటాయి. అంటే గుర్రం పలకను కిందికి నొక్కుతుంది, అంతే. గిటార్‌లో తీగలు బ్రిడ్జి దగ్గరే ఆగిపోతాయి. బ్రిడ్జిని పలకకు బంకతో అంటిస్తాం. ఆరు స్టీలు తీగలు, 12 సైజు (మామూలు మందం) సెట్టు, శ్రుతికి ఎక్కించాక 70 కిలోలకు పైగా లాగుతాయి. ఒక ఆసామి రాత్రీ పగలూ ఆ బ్రిడ్జిని పట్టుకుని వేలాడుతున్నాడనుకో. ఆ లాగుడుకు బ్రిడ్జి వెనక భాగం పైకి లేవాలని చూస్తుంది, ముందు భాగం లోపలికి దిగాలని చూస్తుంది. దీన్నంతా మూడు మిల్లీమీటర్ల చెక్క మోయాలి. మోస్తూనే పాడాలి కూడా.

మరి అలాంటప్పుడు గట్టి పనసే వేయొచ్చు కదా అంటాడు ఆయన. తీగ ఒక్కటే గాలిని కదపలేదు నాయనా, సన్నటిది. పలక కదిలితేనే మనకు వినబడేది. గిటార్ తీగ ఇచ్చే బలం కొంచెమే, ఆ కొంచెంతో కదలాలంటే పలక తేలిగ్గా ఉండాలి, అదే సమయంలో నార వెంట వంగకుండా బిర్రుగా ఉండాలి. బరువు తక్కువ, బిర్రు ఎక్కువ. ఈ రెండూ ఒకే చెక్కలో ఎక్కువగా దొరికేది సూదిమొన ఆకుల చెట్లలో. మీ నాయన గోటితో నొక్కింది పలక ముఖాన్ని. గోరు దిగుతుంది, నిజమే. అదే పలకను నార వెంట వంచమను, అప్పుడు చూడు ఆయన ముఖం.

సెడారా, స్ప్రూసా? నీ చెయ్యి ఎలాంటిదో చెప్పలేదు నువ్వు. వేళ్లతో ఒక్కొక్క తీగా మీటే చెయ్యి అయితే సెడార్ హాయిగా ఉంటుంది. మెల్లగా తాకినా పలుకుతుంది, మొదటి రోజు నుంచే నోరు విప్పుతుంది, గొంతు కొంచెం వెచ్చగా ఉంటుంది. స్ప్రూస్ కొత్తలో కాస్త బిగదీసుకుని కూర్చుంటుంది, వాయించగా వాయించగా తెరుచుకుంటుంది. కానీ పిక్ పట్టుకుని పెళ్లి ఆర్కెస్ట్రాలో బాదే చెయ్యి అయితే స్ప్రూసే. సెడార్‌ను ఒక హద్దు దాటి బాదితే శబ్దం పెరగదు, చెదిరిపోతుంది. మాడ్రిడ్‌లో మూడో హోసే రామిరెజ్ అనే గిటార్ మేస్త్రి 1960లలో క్లాసికల్ గిటార్ల పైపలకకు ఈ రెడ్ సెడార్ వాడడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా అక్కడ స్ప్రూస్‌దే రాజ్యం. ఆయన చేసింది నైలాన్ తీగలకు, వాటి లాగుడు స్టీలులో సగం కంటే కొంచెం ఎక్కువ, అంతే. స్టీలు తీగల్లో సెడార్‌ను నమ్ముకుని పేరు తెచ్చుకున్నది ఉత్తర ఐర్లాండ్‌లో జార్జ్ లోడెన్. కాబట్టి స్టీలుకు సెడార్ పనికిరాదన్న మాట నమ్మకు. లెక్క మాత్రం వేరుగా వేసుకోవాలి.

ఆ లెక్క తెలియక నేను తిన్న దెబ్బ విను. ఒకసారి ఒక పిల్లవాడు అమెరికా నుంచి వస్తూ పెట్టెలో చీరల మధ్య చుట్టి అసలు సిసలు రెడ్ సెడార్ జత తెచ్చిచ్చాడు. దాని మోత విని నాకు ఆకలి వేయలేదు ఆ పూట. స్ప్రూస్‌కు నేను అలవాటుగా దించే కొలత 2.6 మిల్లీమీటర్లు. దాన్నీ అక్కడికే దించేశాను. సంక్రాంతికి తీగలు ఎక్కించాం. అబ్బా, ఏం గొంతు! మే నెలకు తిరిగొచ్చింది. బ్రిడ్జి వెనక పలక పూరీలా పొంగింది, ముందు గుంట పడింది, తీగలు మెడ మీద అర అంగుళం ఎత్తులో ఉన్నాయి. డబ్బులు తిరిగిచ్చేశాను. పైపలక ఊడదీసి మళ్లీ చేశాను. ఆ పిల్లవాడు ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధగా ఉండింది.

అందుకే అంకె అడిగితే చెప్తాను గానీ అంకెను నమ్మొద్దు. స్టీలు తీగలకు సెడార్ అయితే 3.2 దగ్గర ఆగు. అక్కడి నుంచి ఒక్కొక్క పట్టూ పట్టి, వంపు చూసుకుంటూ 3 దాకా రా. వంపు ఎలా చూడాలంటే, పలకను రెండు కర్రల మీద అడ్డంగా ఆనించి, కర్రల మధ్య దూరం 45 సెంటీమీటర్లు ఉంచి, నడుమ కేజీ రాయి పెట్టి ఎంత దిగిందో స్కేలుతో కొలిచి గోడ మీద రాసుకో. పలక నుంచి పలకకు తేడా ఎంతుందో నీకే తెలుస్తుంది. నా కొట్లో గోడ నిండా ఇవే, పంచాంగం తగిలించడానికి చోటు లేదు. అంచుల దగ్గర మాత్రం కొంచెం పల్చన చేయొచ్చు. లోపల అంటించే పట్టీలు, ఇంటూ గుర్తులా వేసే బ్రేసులు, స్ప్రూస్‌వే వేయి. సెడార్ పలకకు సెడార్ పట్టీలు వేస్తే కుంటివాడికి కుంటివాడు ఊతమైనట్టు.

కోత కూడా చూసుకో. దుంగ నడిబొడ్డు నుంచి బెరడు వైపుగా కోసిన పలక కావాలి, రేఖలు పలక ముఖానికి నిట్టనిలువుగా నిలబడాలి. పక్కవాటుగా పడుకుని ఉంటే బిర్రు పోతుంది, వాతావరణం మారినప్పుడు సాగడం కూడా ఎక్కువ. ఒకే పలకను మందం నడిమికి నిలువునా రెండుగా చీల్చి పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన పెడితే ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉంటాయి. ఒక్కో సగం 20 సెంటీమీటర్ల వెడల్పు, 55 పొడవు ఉండాలి. నువ్వు తెచ్చినవి రెండు వేరు వేరు చెట్లవైతే, రెండు సగాలూ రెండు రకాలుగా వంగుతాయి, రెండు రకాలుగా పలుకుతాయి. అతుకు దగ్గర కిటికీకి ఎత్తి పట్టి చూడు. వెలుతురు గీత కనబడితే మళ్లీ చిత్రిక. పూజా మందిరం తలుపులు చేసే చేతికి ఇది నేను నేర్పాల్సిన పని కాదు.

వానాకాలంలో తలుపు బిగుసుకుపోయి, మే నెలలో అదే తలుపు సందుల్లోంచి ఎండ పడడం మీ నాయన ఎన్ని ఇళ్లలో చూసుంటాడో. గిటార్‌కూ అదే జబ్బు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తడిగాలి. ఆ రోజుల్లో ఉబ్బి ఉన్న పలకకు అడ్డంగా బ్రేసులు అంటించేశావనుకో, ఎండాకాలం పలక కుంచించుకోవాలని చూస్తుంది, బ్రేసు వదలదు, మధ్యలో చీలుతుంది. గాలిలో తేమ 45 నుంచి 50 శాతం చూపించినప్పుడే అంటించు. తేమ చూపే చిన్న మీటర్లు చవగ్గానే దొరుకుతాయి. నేనైతే నవంబరులో అంటించే పనే పెట్టుకోను. తప్పదంటే పలకను, బ్రేసులను చెక్క బీరువాలో రెండు రోజులు పాతకాలం 60 వాట్ల బల్బు వెలిగించి పెట్టి, మీటరు చూసి తీస్తాను. బీరువా దేవుడి సామాన్లదే, మా ఇంటావిడ అభ్యంతరం చెప్పింది, ఇప్పుడు ఊరుకుంది.

ఇనుము దగ్గరికి రానీకు. ఇది చాలామంది చెప్పరు. సెడార్‌లో ఒక వగరు ఉంటుంది. తడి బంక ఉన్నచోట ఇనుప క్లాంపు ఆనినా, స్టీలు పీచు రజను పడి తేమ తగిలినా, తెల్లారేసరికి నల్లటి మచ్చ. మీ నాయనకు ఇలా చెప్పు: శ్రీకాళహస్తి కలంకారీలో గుడ్డకు కరక్కాయ పట్టించి, తుప్పు ఇనుము బెల్లం నీళ్లలో ఊరబెట్టిన కసిమితో గీస్తే నల్లగా తేలుతుంది చూడండి, ఆ పనే ఇక్కడ మనం అడక్కుండా జరుగుతుంది అని. క్లాంపుకూ చెక్కకూ మధ్య ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ కాగితం, ఒక చెక్క ముక్క.

బ్రిడ్జి అంటించే చోట పాలిష్ పూర్తిగా గీకేయి, అంటించే రోజే గీకు. బంక మా మేనమామ కాలంలో వజ్రం అనేవాళ్లం, తోలు ఉడకబెట్టి తీసింది. ఇప్పుడు టైట్‌బాండ్ వాడుతున్నాను, సిగ్గేమీ లేదు. సెడార్‌లో బంక ఊడదు, బంక కింద చెక్క పీచే చీలి వస్తుంది. అందుకని బ్రిడ్జి అడుగు మరీ చిన్నదిగా చేయకు.

ముఖ్యమైంది చివరికి వచ్చింది, పైన రాయాల్సింది. ఈ చెక్క పొడి మంచిది కాదు. రెడ్ సెడార్‌లో ప్లికాటిక్ ఆసిడ్ అని ఒకటుంది, దాని పొడి పీల్చేవాళ్లలో కొందరికి ఉబ్బసం వస్తుంది. కెనడా రంపపు మిల్లుల్లో పనిచేసేవాళ్లకు ఈ జబ్బు బాగా తెలుసు. నాకు రెండో సెడార్ గిటార్ తర్వాత రాత్రిళ్లు పిల్లికూతలు మొదలయ్యాయి. డాక్టరు సిగరెట్ మానెయ్యమన్నాడు, నాకు ఆ అలవాటే లేదు. ఉప్పుకాగితం పట్టిన రోజు రాత్రే వస్తోందని లెక్క తెలియడానికి నాలుగు నెలలు పట్టింది. మూతికి తువ్వాలు కట్టుకుంటే చాలదు. ఎన్95 మాస్కు పెట్టుకో, ఫ్యాను పొడిని బయటికి తోసేలా పెట్టుకో, వీలైనంత వరకు ఉప్పుకాగితం మానేసి చిత్రికతో, గీకుడు బ్లేడుతో పని ముగించు. మీ నాయన్ను కూడా ఆ పూట కొట్లోంచి పంపించేయ్.

పరీక్షల్లో నీ పలకలు దేవదారు అని తేలితే బాధపడకు, మీ నాయన పూజా మందిరానికి అంతకన్నా మంచి చెక్క లేదు, చెద కూడా తొందరగా పట్టదు.

ప్రశ్న: మా అబ్బాయి తిరుపతిలో ఇంజినీరింగ్ చదువుతూ క్లాసికల్ గిటార్ వాయిస్తాడు. సెడార్ టాప్ అని చెప్పి ఎక్కువ డబ్బు పెట్టించాడు. ఏడాదికే గోటి గీతలు, రెండు చోట్ల సొట్టలు. మొన్న మే నెలలో బ్రిడ్జి వెనక సన్నటి పగులు వచ్చింది. మోసపోయామా? — భవానీనగర్, తిరుపతి

జవాబు: మోసమేం లేదమ్మా. గోటి గీతలు సెడార్ మీద పడకపోతేనే నేను అనుమానించేవాణ్ణి. అవి అలాగే ఉండనివ్వండి, శబ్దానికి వాటితో పని లేదు.

సొట్ట వేరు, గీత వేరు. సొట్టలో చెక్క నొక్కుకుపోయింది గానీ తెగలేదు. పాలిష్ లక్కదైతే ఆ చోట కొంచెం గీకి, తడి నూలుగుడ్డ ముక్క పరిచి, పైన వేడి చేసిన సోల్డరింగ్ ఐరన్ మొన ఒక్క క్షణం ఆనిస్తే ఆవిరికి చెక్క లేచి కూర్చుంటుంది. ఇస్త్రీపెట్టె పెట్టి మీరు చేయకండి. నా దగ్గరికి వచ్చే వాటిలో సగం ఇంట్లో బాగు చేయబోయినవే.

పగులుకు మాత్రం ఆలస్యం వద్దు. తీగలు రెండు మూడు శ్రుతులు దించి, పెట్టెలో పెట్టి, మంచి చేతికి ఇవ్వండి. బంక పట్టించి, లోపలి వైపు నుంచి పగులుకు అడ్డంగా వేలిగోరంత చెక్క ముక్కలు అంటిస్తారు. సరిగా చేస్తే బయటికి వెంట్రుక గీత తప్ప ఏమీ ఉండదు. వచ్చే ఎండాకాలానికి ఒక పాత సబ్బుపెట్టెకు బెజ్జాలు పెట్టి, అందులో నీళ్లు పిండేసిన స్పాంజి ముక్క వేసి, గిటార్ పెట్టెలో మెడ పక్కన ఉంచమనండి. స్పాంజి కారకూడదు. ఏసీ గదిలోంచి తీసుకెళ్లి కారు డిక్కీలో పడేసి అలిపిరి దగ్గర రెండు గంటలు ఎండలో వదిలేయడం, ఇది మీ అబ్బాయి చేశాడో లేదో ఒకసారి అడగండి. పగులు వచ్చిన చోటు చూస్తే నాకు ఆ అనుమానమే వస్తోంది.

ప్రశ్న: మా ప్రాంతంలో ఎర్రచందనం ఉంది కదా. పైపలక సెడార్ వేసి, పక్కలకూ వెనకకూ ఎర్రచందనం వేస్తే ఎలా ఉంటుంది? — పీలేరు నుంచి ఒక యువకుడు

జవాబు: ఎలా ఉంటుందంటే, కేసు ఉంటుంది.

కోపంతో అన్నది కాదు. ఎర్రచందనం ప్రపంచం మొత్తం మీద సహజంగా పెరిగేది మన శేషాచలం, దాని చుట్టుపక్కల తూర్పు కనుమల్లోనే. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితా సైటీస్‌లో ఉంది. జపాన్ వాళ్లు షామిసెన్ అనే తమ మూడు తీగల వాద్యానికి దాన్నే కోరుకుంటారు, కాబట్టి వాద్యానికి పనికిరాదని నేను అనలేను. నీళ్లలో వేస్తే మునిగేంత బరువు, మోగితే గంట. కానీ అటవీశాఖ అనుమతి, రవాణా కాగితం లేకుండా చిన్న దుంగ నీ ఇంట్లో ఉన్నా సంజాయిషీ నువ్వే చెప్పుకోవాలి. ‘ఎవరో ఇచ్చారు’ అన్న మాట అక్కడ చెల్లదు.

అసలు ఆ బెంగ ఎందుకు? 1862లో స్పెయిన్‌లో టోరెస్ అనే గొప్ప గిటార్ మేస్త్రి, శబ్దమంతా పైపలకదేనని చూపించడానికి వెనక, పక్కలు కాగితం గుజ్జుతో చేసి, పైన మాత్రం మంచి చెక్క వేసి గిటార్ కట్టాడు. కాగితంతో! నువ్వు బిల్లుతో కొన్న రోజ్‌వుడ్ వేయి. మన మేస్త్రులు జిట్టేగి అంటారు. ప్రపంచంలో పేరున్న గిటార్లలో ఎన్నింటికో వెనక ఉండేది మన దక్షిణాది రోజ్‌వుడ్డే. అది కూడా సైటీస్ జాబితాలో ఉన్నదే, బిల్లు పారేయకు. డబ్బు చాలకపోతే పనస వేయి. పసుపు వెనక, ఎరుపు ముందు, చూడ్డానికి పసుపు కుంకుమలా ఉంటుంది. నేను రెండు చేశాను, రెండూ మొదటి వారంలోనే వెళ్లిపోయాయి.

ప్రశ్న: సెడార్ గిటార్ పది పదిహేనేళ్లకు గొంతు పోయి చచ్చిపోతుందని మా మాస్టారు అంటున్నారు. నిజమా? — ఎస్వీ సంగీత కళాశాల విద్యార్థిని, తిరుపతి

జవాబు: మీ మాస్టారి మాటకు ఎదురు చెప్పానని ఆయనతో అనకమ్మా. రామిరెజ్ 1960లలో చేసిన సెడార్ గిటార్లు ఇంకా కచేరీల్లో మోగుతూనే ఉన్నాయి. మరీ పల్చగా చేసినవి పొంగి, బ్రేసులు వదిలి గొంతు పోగొట్టుకుంటాయి, ఆ నింద చెక్క మీద పడుతుంది.

నిరుడు ఒకావిడ ఇరవై ఏళ్లనాటి సెడార్ గిటార్ తెచ్చి ‘ఇది చచ్చిపోయింది, అమ్మిపెట్టండి’ అంది. లోపల అద్దం పెట్టి చూశాను, బ్రేసులన్నీ గట్టిగా ఉన్నాయి. తీగలు చూశాను. నైలాన్ మీద చుట్టిన తీగ నల్లబడి, మెట్ల దగ్గర అరిగి లోపలి పోగులు బయటికి వచ్చాయి. ఎప్పుడు మార్చారమ్మా అంటే, ‘తీగలు మారుస్తారా?’ అంది. కొత్త సెట్టు వేసి చేతికిచ్చాను. అక్కడే స్టూలు మీద కూర్చుని అరగంట వాయించి, అమ్మనని చెప్పి తీసుకుపోయింది.